పాన్‌దాన్ కబాడీకి, సోఫా కిస్తీలకు

పోయిన రంజాన్‌లో టోలీచౌకీలో ఉండే మా ఖాలా బిడ్డ ఇఫ్తార్‌కు పిలిచింది. కొత్త ఫ్లాటు. మాషా అల్లా, గాలీ వెలుతురూ బాగున్నాయి. హాల్లో బంగారు అంచుల సోఫా, ఫాల్స్ సీలింగ్‌లో నీలం లైటు, టీవీ వెనక పాలరాయిలా కనపడే ప్లాస్టిక్ షీటు, మూలన ఎన్నటికీ వాడని గుడ్డ పూలు. సోఫాకు పైన గోడ మీద నిలువెత్తు ఆయతుల్ కుర్సీ, దాని చుట్టూ మినుకుమినుకుమనే బల్బులు. ఖజూర్ నోట్లో పెట్టుకుంటుంటే, ఈ హాల్లో నేను ఇదివరకే కూర్చున్నానే అనిపించింది. తర్వాత గుర్తొచ్చింది. మా మరిది ఇల్లు ఇట్లాగే ఉంటుంది. ఆయన వియ్యంకులదీ ఇట్లాగే ఉంటుంది. మనుషులు మారారు, హాలు మారలేదు.

"నానీమా పాన్‌దాన్ నీ దగ్గరే ఉండాలి కదా, ఎక్కడ పెట్టావ్?" అని అడిగాను.

"కలాయి అంతా పోయి నల్లగైపోయింది ఆపా. ఇల్లు మారేటప్పుడు కబాడీకి వేసేసినం. ఇత్తడి కదా, కిలో లెక్కన మంచిగనే ఇచ్చిండు" అంది.

సోఫా ధర నేను అడగలేదు. తనే చెప్పింది. పద్దెనిమిది నెలల కిస్తీ. సూద్ లేదట, ప్రాసెసింగ్ ఫీజేనట!

నేను ముఫ్తీని కాను, ఫత్వా ఇవ్వను. కానీ గోడ మీద కలామే పాక్, దాని కింద కిస్తీల సోఫా, ఆ రెండింటి మధ్య కూర్చుని ఇఫ్తార్ చేయడం నాకైతే కష్టమైంది. ఇల్లు అందంగా పెట్టుకోవడం గునాహ్ అని నేను అనడం లేదు. హజ్రత్ ఆయిషా (రజి) ఇంట్లో బొమ్మలున్న పరదా రసూలుల్లా (సల్లం)కు నచ్చకపోతే, ఆమె దాన్ని కోసి దిండ్లు చేసుకున్నారని హదీసుల్లో ఉంది. చిన్నప్పుడు మదరసాలో విన్నప్పుడు బొమ్మల మసలాయే చెవికెక్కింది. ఇప్పుడు ఇల్లు నడిపే ఆడదానిగా వింటే ఆ దిండ్లు కనపడుతున్నాయి. బట్టను పారేయలేదు ఆమె.

మాది హన్మకొండలో కిరాయి ఇల్లు. ఇది దొరకడానికి ముందు ఎన్ని గుమ్మాలు ఎక్కి దిగామో మీకు వేరే చెప్పాలా! పేరు వినగానే "నాన్‌వెజ్ వాళ్లకు ఇవ్వం" అనేవాళ్లు, "మా అబ్బాయి వస్తున్నాడు, ఇల్లు ఖాళీ లేదు" అనేవాళ్లు. చివరికి ఒకాయన ఒప్పుకున్నాడు, రెండు షరతులతో. గోడకు మేకు కొట్టొద్దు. తలుపు బయట మీ స్టిక్కర్లు వద్దమ్మా. ఆ రాత్రి 'హాజా మిన్ ఫజ్లి రబ్బీ' పలకను తిరిగి సందూఖ్‌లో పెడుతుంటే మనసు చివుక్కుమంది. బయట మా పేరు కనపడకూడదన్నారు కాబట్టి, లోపల అడుగుపెట్టిన వాళ్లకు ఇది ఎవరి ఇల్లో చెప్పకుండానే తెలియాలని జిద్దు పట్టాను.

పైసలు లేవు. సందూఖ్ ఉంది. అడుగున అమ్మీ జహేజ్‌లో తెచ్చుకున్న ఖ్వాన్‌పోష్ దొరికింది. ఎర్ర మఖ్మల్ మీద సల్మా సితారా పని. పెళ్లిళ్లలో మిఠాయి పళ్లెం మీద కప్పడానికి అమ్మీ, ఖాలా కూర్చుని కుట్టారట. ముప్పై ఏళ్లు మడతల్లోనే ఉండిపోయింది. నాలుగు వందలు పెట్టి ఫ్రేము కట్టించాను. మేకు కొట్టకూడదు కదా, సందూఖ్ మీదే గోడకు ఆనించి నిలబెట్టాను. సందూఖ్‌కు ఆకుపచ్చ రంగు నేనే వేశాను. చేతికి రెండు రోజులు వదల్లేదు.

దాదీమా ఇంట్లో గోడల్లో తాఖ్‌లుండేవి. అన్నిటికన్నా పైదాంట్లో ఖురాన్, కింద దాంట్లో చిరాగ్, ఇంకో దాంట్లో సుర్మాదానీ. ఇప్పటి గోడల్లో అవి లేవు. పండ్ల మండీ నుంచి ఒక ఆపిల్ పెట్టె తెచ్చి, గరుకు కాగితంతో రుద్ది, లోపల తెల్ల రంగు వేసి అల్మారీ పైన పెట్టాను. ఖురాన్‌కు నా నికాహ్ జోడాలో మిగిలిన ముక్కతో జుజ్‌దాన్ కుట్టాను. ఖాళీ అత్తర్ సీసాలు కిటికీలో వరుసగా పెడితే పొద్దున ఎండ వాటిలోంచి పడి నేల మీద రంగులు ఆడతాయి. చిన్నోడు వాటిని పట్టుకోబోతాడు. దీనికి ఒక్క పైసా ఖర్చు కాలేదు.

ఇక సోఫా. మేము కొనలేదు. వరంగల్ కొత్తవాడ షత్రంజీలకు 2018లో జీఐ గుర్తింపు వచ్చింది, ఆ నేత మన గుమ్మం ముందే ఉంది, మనమేమో పాలిస్టర్ కార్పెట్లు కొంటాం. ఒక షత్రంజీ పరిచి, పైన తెల్ల చాందినీ వేసి, పాత బొంతలు చుట్టి గావ్‌తకియాలు చేశాను. ఐదుగురు కూర్చునే జాగాలో ఈద్ రోజు పదిహేను మంది కూర్చున్నారు. చాందినీకి షీర్ ఖుర్మా మరకలు పడతాయి, ఉతుక్కోవాలి, అది నిజం. మోకాళ్ల నొప్పుల బుజుర్గుల కోసం రెండు కుర్చీలు కూడా ఉంచాలి. పరదాలకు పెడన అద్దకం దుప్పటినే కోసి కుట్టాను. ఖలమ్‌కారీ అన్న పేరే మన ఫార్సీ నుంచి వచ్చింది. గోల్కొండ సుల్తానుల కాలంలో ఆ బందరు బట్టలు ఓడలెక్కి ఇరాన్‌కు పోయేవి.

బక్రీద్‌కు ఖాలా బిడ్డ మా ఇంటికొచ్చింది. చెప్పులు విడిచి చాందినీ మీద కూర్చుని చాలాసేపు ఖ్వాన్‌పోష్ వైపు చూసింది.

"ఎవరు కుట్టిండ్రు ఆపా?"

"మీ అమ్మీ, మా అమ్మీ."

లేచి వెళ్లి అద్దం మీద వేలు పెట్టి కుట్టు వెంట నడిపించింది. నానీమా సంగతి నేను ఎత్తలేదు. తనే మెల్లగా అంది, ఊళ్లో అటక మీద నానీమా ఉగల్‌దాన్, రెండు లగన్‌లు ఇంకా ఉన్నాయట, కలాయి వేయిస్తే మెరుస్తాయా అని. మెరుస్తాయి అన్నాను. తీరా చూస్తే కలాయివాలా దొరకడం లేదు. మా చిన్నప్పుడు గల్లీలో గుంత తవ్వి, కొలిమి పెట్టి, వేడెక్కిన గిన్నెలో నవసాగరం చల్లి పత్తితో రుద్దుతుంటే ఆ తెల్లటి పొగ చుట్టూ పిల్లలం మూగేవాళ్లం. వరంగల్, హైదరాబాద్ వైపు ఆ పని చేసేవాళ్లు మీకు తెలిసుంటే మెహర్బానీ చేసి చెప్పండి. గిన్నెలు తనే పట్టుకొస్తానంది.