ఇల్లే కార్యాలయమైనచో

2020 మార్చిలో దేశమంతట తలుపులు మూయబడినపుడు కార్యాలయములు ఇండ్లలోనికి ప్రవేశించినవి. ఇది నూతనయుగమని పలువురు అచ్చెరువందిరి. మంగళగిరి నేతవారికిది క్రొత్త కాదు. ఇచట గుంటమగ్గము తరతరములుగ ఇంటనే యున్నది. ఇంటిపని మేలుకీడులను తెలియగోరువారు మొదట ఆ గుమ్మము త్రొక్కవలెను.

నేతగాడు తన యింట తానే దొర. పిలుచు గంట లేదు, అదలించు మేస్త్రీ లేడు. కాని నూలు షావుకారుది. మజూరీ నేసిన చీరెల లెక్క. ఇంటిచోటు, దీపము, మగ్గపు మరమ్మతు నేతగానివి. కండెలు చుట్టు ఇల్లాలి శ్రమ ఏ పద్దునందును కానరాదు. వానకు గుంటలో నీరూరి మగ్గమాగెనా, నాటి కూలియు ఆగును. షెడ్డులో నేయువానికి చోటి ఖర్చు తప్పును. ఇంటి తీరిక పోవును.

నేటి సాఫ్ట్‌వేరు ఉద్యోగి స్థితి యింతకు భిన్నమా? ఇంట నున్నవానికి బస్సు ప్రయాణము తప్పినది. రాత్రి పదిగంటలకు ఫోను మ్రోగుట తప్పలేదు. ఆఫీసునకేగువానికి త్రోవలోనే పొద్దు గడచును; కాని గడప దాటిన పిదప పని ముగిసెనన్న యూరట కొంత కలదు.

ఇంట నుండువారు సోమరులగుదురని యజమానులందురు. చైనాలోని ట్రిప్‌.కాం సంస్థలో 1,612 మందిపై జరిగిన పరీక్షాఫలితము 2024లో ‘నేచర్‌’ పత్రికయందు వెలువడెను. వారమునకు రెండునాళ్లు ఇంట పనిచేసినవారి పనితనము తగ్గలేదు. కొలువు మానువారి సంఖ్య మూడవవంతు తగ్గెను. ఆ సంస్థలోనే అంతకుమునుపటి పరీక్షలో, వారమున నాలుగునాళ్లు ఇంట నున్నవారి పని నూటికి 13 పాళ్లు పెరిగెను. అయినను ఒంటరితనము సైపలేక పలువురు తిరిగి ఆఫీసునకేగిరి. కావున ఇల్లే స్వర్గమనుటయు పొరపాటే.

తగవు స్థలమును గూర్చినది కాదు. గంటలు ఎవరి చేతిలో నున్నవి? ఖర్చు ఎవరి నెత్తిన పడుచున్నది? ఇవియే ప్రశ్నలు. ఉద్యోగి స్వేచ్ఛగ ఒడంబడెను గదా యని కొందరు వాదింతురు. పనిగంటలు వ్రాయని ఒడంబడికలో స్వేచ్ఛ ఒక్క పక్షమునకే యుండునని న్యాయస్థానపు మెట్లెక్కిన ప్రతివాడును ఎఱుగును. ఇంట పనిచేయువారికిని ఇతర కార్మికులతో సమానమగు ఆదరము వలెనని అంతర్జాతీయ కార్మికసంస్థ 1996లోనే 177వ ఒప్పందము చేసినది. దానిని మన దేశ మంగీకరింపకుండుట గౌరవము కాదు.

ఉద్యోగులారా! పనిగంటలను, కరెంటు ఖర్చును కాగితముపై వ్రాయించుకొనుడు. నేతన్నలారా! రాబోవు మజూరీ చర్చలో కండెల కూలిని వేఱు పద్దుగ అడుగుడు. ఆ పద్దు ఇల్లాలి పేరనే యుండవలెను.