సగ్గుబియ్యం బియ్యమేనా?

భిలాయిలో పెరుగుతున్న పిల్లవాణ్ణి రైలు పట్టా ఎక్కడి నుంచి వస్తుందని అడిగి చూడండి. చాలామంది తడుముకోకుండా చెబుతారు. దల్లీ రాజహరా గనుల నుంచి ఇనుప ఖనిజం వస్తుంది. నందిని నుంచి సున్నపురాయి వస్తుంది. బొగ్గును కోక్‌గా మార్చి, వీటితోపాటు బ్లాస్ట్ ఫర్నేసులో వేస్తారు. 1959 ఫిబ్రవరిలో మొదటి ఫర్నేసు పని మొదలుపెట్టిన నాటి నుంచి ఈ ఊరి ఇళ్లలో తాతలు, తండ్రులు చెబుతూ వచ్చిన కథ ఇది. అదే పిల్లవాణ్ణి, అతడు ఇష్టంగా తినే సగ్గుబియ్యం వడ ఏ మొక్క నుంచి వచ్చిందని అడగండి. 'దుకాణం నుంచి' అనవచ్చు. లేదా పేరులో బియ్యం ఉంది కాబట్టి వరి అనవచ్చు.

ఉక్కు కథ తెలిసిన పిల్లలకు తిండి కథ ఎందుకు తెలియదు? మనం చెప్పలేదు కాబట్టి. పిల్లలకు ఇష్టమైన తిండి ఏ మొక్క నుంచి వస్తుందో నేర్పవలసింది ముందుగా ఇంట్లోనే అని నా అభిప్రాయం. బడి పాఠం ఆ తరువాత వస్తే బాగా అర్థమవుతుంది.

సగ్గుబియ్యం సంగతే చూద్దాం. మన దేశంలో దీన్ని కర్రపెండలం దుంపల నుంచి తయారుచేస్తారు. దుంపల తొక్క తీసి, తురిమి, నీటితో కడిగి వడకడతారు. తెల్లని పాలు తేరుకున్నాక అడుగున పిండి నిలుస్తుంది. ఆ పిండిని చిన్న పూసలుగా చేసి వేడిమీద ఆరబెడతారు. కర్రపెండలం పుట్టినిల్లు దక్షిణ అమెరికా. నేడు తమిళనాడులోని సేలం ప్రాంతంలోనూ, గోదావరి జిల్లాల మెట్ట భూముల్లోనూ దీన్ని పండిస్తున్నారు. ఇంట్లో సగ్గుబియ్యం, వీధిలో సాబూదానా అని వినే భిలాయి పిల్లవాడు ఈ రెండూ ఒకటేనని, ఇందులో బియ్యపు గింజ ఒక్కటీ లేదని తెలుసుకుంటే ఎంత ఆశ్చర్యపోతాడో ఊహించండి.

మన భాషలో ఇలాంటి పేర్లు ఇంకా ఉన్నాయి. వేరుశనగ వేరూ కాదు, శనగా కాదు. పూవు నేలపైన పూస్తుంది. ఫలదీకరణం జరిగాక దాని నుంచి ఊడ భూమిలోకి దిగుతుంది. ఆ ఊడ చివరనే కాయ తయారవుతుంది. బంగాళాదుంప బంగాళాలో పుట్టలేదు. అది దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాల పంట. పిల్లలు పొట్లాలలో కొనుక్కొనే చిప్స్‌కు మూలం అదే. బంగాళాదుంప, చిలగడదుంప రెండింటినీ దుంపలే అంటాం. కాని మొదటిది కాండం, రెండవది వేరు. పేరు వెనుక మొక్కను వెతకడం అలవాటైన పిల్లవాడికి భాషా తెలుస్తుంది, శాస్త్రమూ తెలుస్తుంది.

'ఇవన్నీ పాఠ్యపుస్తకంలో ఉన్నాయి కదా' అని మీరు అనవచ్చు. ఉన్నాయి. వేరు, కాండం, ఆకు, పండు అని పట్టిక ఉంటుంది. పిల్లలు దాన్ని వల్లిస్తారు, పరీక్ష రాస్తారు, మరచిపోతారు. ఆ పట్టికకూ తమ పళ్లెానికీ సంబంధం ఉందని వారికి తోచదు. చాకొలెట్ ఒక చెట్టు గింజల నుంచి వస్తుందనీ, ఆ కోకో చెట్లు గోదావరి జిల్లాల కొబ్బరి తోటల్లో అంతరపంటగా పెరుగుతున్నాయనీ చెప్పి చూడండి. సెలవుల్లో అటు వెళ్లినప్పుడు చూపించమని వారే అడుగుతారు.

'మా పిల్లలు సేద్యం చేయబోతారా? ఇది తెలిసి ఏం లాభం?' అనేవారూ ఉన్నారు. ఈ ప్రశ్నకు జవాబు భిలాయి పక్కనే ఉంది. టౌన్‌షిప్ దాటగానే వరి పొలాలు కనిపిస్తాయి. ఛత్తీస్‌గఢ్‌ను ధాన్యపు గిన్నె అంటారు. ఆర్. హెచ్. రిఛారియా అనే శాస్త్రవేత్త 1970లలో ఈ ప్రాంతపు గ్రామాల నుంచి వేల వరి రకాలను సేకరింపజేశారు. రాయపూర్‌లోని ఇందిరాగాంధీ కృషి విశ్వవిద్యాలయంలో నేడు 20 వేలకు పైగా వరి నమూనాలు భద్రంగా ఉన్నాయి. ఏ రకానికి ఎంత నీరు కావాలో, ఏది ఏ నేలకు తగినదో, ఏది అటుకులకు బాగుంటుందో శాస్త్రవేత్తలకంటే ముందు ఎరిగినవారు రైతులు. వారిలో చదువు రానివారెందరో! ఆ జ్ఞానం నోటిమాటగా ఒక తరం నుంచి మరో తరానికి అందింది. ఒక్క తరం అడగడం మానేస్తే అది అక్కడే ఆగిపోతుంది.

భిలాయి తెలుగు కుటుంబాలలో ఈ ప్రమాదం ఇంకా దగ్గరగా ఉంది. ఉద్యోగాల కోసం ఆంధ్ర జిల్లాల నుంచి వచ్చినవారిలో చాలామంది వ్యవసాయ కుటుంబాలవారు. నాట్లు వేసిన చేతులు కొన్ని ఇళ్లలో ఇంకా ఉన్నాయి. మనుమలకు మాత్రం ఇడ్లీలో వేసే మినప్పప్పు, దుకాణంలోని ఉడద్ దాల్ ఒకటేనని కూడా తెలియకపోవచ్చు. పెద్దవారు ఉండగానే అడిగి తెలుసుకోవాలి. తరువాత పుస్తకంలో వెతికితే పేరు దొరుకుతుంది, అనుభవం దొరకదు.

మీలో కొందరు బడి మధ్యలో మానివేసి, మళ్లీ చదువు మొదలుపెట్టినవారు. 'నాకే అంతంత మాత్రం తెలుసు, పిల్లలకు ఏం నేర్పగలను' అని అనుకోవద్దు. ధాన్యం నానబెట్టి, వేయించి, దంచితే అటుకులవుతాయని మీకు తెలిసి ఉంటే, మీరు చెప్పగల పాఠం ఒకటి సిద్ధంగా ఉన్నట్లే.

ఇందుకు ఖర్చేమీ లేదు. రోజుకు ఒక వంటకం తీసుకోండి. మూడు ప్రశ్నలు అడగండి: ఇది ఏ మొక్క? మనం తినేది అందులో ఏ భాగం? ఆ మొక్క ఎక్కడి నుంచి వచ్చింది? జవాబు మీకూ తెలియకపోతే ఇద్దరూ కలిసి పెద్దవారిని అడగండి, పుస్తకంలో చూడండి. బంగాళాదుంప మీది గుంటలను పిల్లల వేలితో తడిమించండి. మొలకలు అక్కడి నుంచే వస్తాయి. అవి కాండానికి ఉండే కణుపులు. ఒక కుండీలో నాలుగు పచ్చి వేరుశనగ గింజలు నాటించండి. నెల దాటాక పసుపు పూలు పూస్తాయి. తరువాత ఊడ మట్టిలోకి దిగడాన్ని పిల్లలు తమ కళ్లతో చూస్తారు. అలా చూసినదాన్ని వల్లించవలసిన అవసరం ఉండదు.