తాళం మార్చని లాకరు

నేను కంప్యూటరు శాస్త్రం చదువుకున్నవాణ్ణి కాను. బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. అయినా ఈసారి కెర్నెల్ గురించి రాస్తున్నాను. బెంగుళూరులో అదే పనిచేసే మా మేనల్లుడు దసరాకు బరంపురం వచ్చినప్పుడు విడమర్చి చెబితే, ఇదంతా మా లాకరు గది వ్యవహారమే కదా అనిపించింది.

ఆపరేటింగ్ సిస్టమ్‌కు నడిబొడ్డు కెర్నెల్. ఎవరికి ఎంత మెమొరీ ఇవ్వాలో, ఎప్పుడు తిరిగి తీసుకోవాలో చూసేది అదే. ఒకరు వదిలిన చోటును మరొకరికి కేటాయిస్తుంది. మేమైతే లాకరు ఒకరు వదులుకున్నాక తాళం మార్చి గాని ఇంకొకరికి ఇవ్వం. అక్కడ ఆ పద్ధతి లేదు. పాత చిరునామా ఎవరి దగ్గరైనా మిగిలిపోతే, దాంతో వెళ్లి కొత్తవారి సొత్తును తారుమారు చేయవచ్చు.

తంటా ఏమిటంటే, తప్పు జరిగిన చోట గొడవ బయటపడదు. యంత్రం సంబంధంలేని మరేదో పనిలో ఉండగా ఆగిపోతుంది. లెడ్జర్లు చేత్తో రాసిన రోజుల్లో బ్యాలెన్సింగు చేసినవారికి ఈ బాధ తెలుసు. తేడా కనిపించేది నెలాఖరున. తప్పు పడింది ఏ మూడో తారీఖునో, వేరే పేజీలో.

వదిలేసిన చోటునంతా ఒకే గుర్తుతో నింపి ఉంచడం ఒక పాత ఉపాయం. ఆ గుర్తు చెదిరితే ఎవరో చెయ్యి పెట్టినట్టే. ఎవరన్నది మాత్రం తెలియదు. 2015లో వచ్చిన లినక్స్ 4.0లో కేసాన్ అనే సాధనం చేరింది. ప్రతి 8 బైట్లకు ఒక బైటు చొప్పున ఇది వేరే రిజిస్టరు నడుపుతుంది. తప్పు దొరికితే ఎవరు ముట్టుకున్నారు, మొదట ఎవరు తీసుకున్నారు, ఎవరు వదిలేశారు – మూడూ రాసి చూపుతుంది. ఓచరు మీద మూడు సంతకాలూ ఉన్నట్టే! "మావయ్యా, ఆ రిపోర్టు వస్తే సగం పని అయినట్టే" అన్నాడు మావాడు. యంత్రం నెమ్మదిస్తుంది గనక దీన్ని ఎక్కువగా పరీక్షల్లోనే వాడతారట.

2017 నవంబరులో గూగుల్ వారి సిజ్‌కాలర్ అనే పరీక్షా సాధనం బైండర్‌లో ఇలాంటి తప్పునే పట్టింది. ఆండ్రాయిడ్ ఫోనులో అప్లికేషన్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారి బైండర్. ఒక థ్రెడ్ తన చోటు ఖాళీ చేసి వెళ్లిపోయింది. ఈపోల్ అనే మరో భాగం జాబితాలో దాని పాత చిరునామా అలాగే ఉండిపోయింది. మందు చిన్నదే, వెళ్లేటప్పుడు ఆ జాబితాలోంచి కొట్టేయించడం. 2018 ఫిబ్రవరిలో లినక్స్ కెర్నెల్‌లో సవరించారు కూడా.

కానీ ఆ సవరణ చాలా ఫోన్లకు చేరలేదు. 2019 అక్టోబరులో గూగుల్ ప్రాజెక్ట్ జీరో బృందం ఈ లోపాన్ని మళ్లీ బయటపెట్టింది. దీన్ని ఆసరా చేసుకుని కొందరు ఫోన్లలోకి చొరబడుతున్నారని వారికి సమాచారం అందింది. పిక్సెల్ 2, గెలాక్సీ ఎస్ 9 వంటివి కూడా ఆ జాబితాలో ఉన్నాయి. మధ్యలో 20 నెలలు! హెడ్డాఫీసు సర్క్యులరు వేసింది, బ్రాంచీకి అందలేదు. కనిపెట్టినవారినీ దిద్దినవారినీ నేను తప్పుపట్టను. నా దృష్టిలో లోపమంతా డెస్పాచిలోనే ఉంది.

ఫోనులో సెట్టింగ్స్‌లోకి వెళ్తే ఆండ్రాయిడ్ వెర్షన్ దగ్గర సెక్యూరిటీ ప్యాచ్ తారీఖు ఉంటుంది. మొన్న మా ఆవిడ ఫోనులో చూశాను. రెండేళ్ల కిందటిది. ఆ మోడలుకు ఇక పంపడం మానేశారట. ఆవిడ పాలవాడికీ కూరలకూ డబ్బు కట్టేది ఆ ఫోనుతోనే.