కుక్కకు గోమార్ల మందు ఎండాకాలానికేనా?

ఎండలు ముదిరేసరికి కుక్క చెవుల్లో గోమార్లు గుత్తులుగా కనిపిస్తాయి. కొన్ని జిల్లాల్లో వీటినే పిడుదులు అంటారు. అప్పుడు మందుల షాపుకు పరుగెత్తుతాం. ఒకసారి పౌడరు చల్లి, స్నానం చేయించి, పని అయిపోయిందనుకుంటాం. వానలు పడగానే మరిచిపోతాం. మళ్లీ వేసవికి అదే కథ. ఈ పద్ధతి మారాలనీ, గోమార్ల నివారణ పన్నెండు నెలలూ చేయవలసిన ఇంటి పని అనీ మా అభిప్రాయం. ఇది పశువుల డాక్టరు చెప్పవలసిన మాట కదా, నర్సులు చెబుతున్నారేమిటి అని మీరు అడగవచ్చు. దానికి కారణం మా పిల్లల వార్డులోనే ఉంది.

2023లో దీపావళి దాటిన రోజుల్లో ఏడేళ్ల బాబును తీవ్ర జ్వరంతో తీసుకువచ్చారు. మలేరియా, డెంగ్యూ, టైఫాయిడ్ పరీక్షల్లో ఏమీ తేలలేదు. మూడో రోజు అరచేతుల్లోనూ అరికాళ్లలోనూ ఎర్రటి మచ్చలు వచ్చాయి. నాలుగో రోజు ఒళ్లు తుడుస్తున్న మా ఆయమ్మ చెవి వెనుక నల్లటి పక్కు చూసి, “అమ్మా, మీ ఇంట్లో కుక్క ఉందా?” అని తల్లిని అడిగింది. “ఉందమ్మా, వీడి పక్కలోనే పడుకుంటుంది” అన్నది ఆమె. గోమార్ల ద్వారా వచ్చే టైఫస్ జ్వరమని డాక్టరుగారు అనుమానించి డాక్సీసైక్లిన్ మొదలుపెట్టారు. రెండు రోజుల్లో జ్వరం దిగింది. బాబు ఆడుకుంటూ ఇంటికి వెళ్లాడు. ఆలస్యమైతే ఈ జ్వరం ప్రాణం మీదకు కూడా తేగలదు. ఆ నాలుగు రోజులు పోయింది మా పొరపాటు వల్లనే. చేర్చుకునేటప్పుడు మేము అడిగే ప్రశ్నల్లో కుక్క ఊసే లేదు. ఇప్పుడు ఉంది.

టైఫాయిడ్ వేరు, టైఫస్ వేరు. టైఫాయిడ్ కలుషితమైన నీరు, ఆహారం వల్ల వస్తుంది. ఈ టైఫస్ గోమారి కాటు వల్ల వస్తుంది. మన దేశంలో దీనిని మోసే వాటిలో ముఖ్యమైనది కుక్కల ఒంటి మీద ఉండే గోధుమరంగు గోమారే.

ఏడాది పొడుగునా ఎందుకు జాగ్రత్తపడాలి? ఈ గోమారి ఎప్పుడూ కుక్క మీదే ఉండదు. పిల్లగా ఒకసారి, కాస్త పెరిగాక ఒకసారి, పెద్దదయ్యాక మరోసారి కుక్కనెక్కి రక్తం తాగి దిగిపోతుంది. మిగిలిన కాలమంతా గోడ బీటల్లో, గుమ్మాల సందుల్లో, మంచం కోళ్లలో దాక్కుంటుంది. కడుపు నిండిన ఆడది ఒక్కటే వేల గుడ్లు పెడుతుంది. పెద్ద గోమారి తిండి లేకుండా నెలల తరబడి బ్రతకగలదు. మన ఊళ్లలో వాటిని చంపేటంత చలి ఉండదు. కనుక వేసవిలో మీరు ఏరి పారేసినవి ఇంట్లో ఉన్నవాటిలో కొన్ని మాత్రమే. గంతులు వేసే సన్నటి ఫ్లీ పురుగుల సంగతీ అంతే. వాటి గుడ్లు, పిల్లలు ఎక్కువగా కుక్క, పిల్లి పడుకునే గోనెపట్టాలోనే ఉంటాయి. ఆటలో పొరపాటున ఫ్లీ నోట్లోకి పోతే, పసిపిల్లలకు ఒక రకం బద్దెపురుగు పట్టవచ్చు. మలంలో బియ్యపు గింజల్లాంటి ముక్కలు కనిపిస్తే డాక్టరుకు చూపించండి.

వ్యాధికంటే మమ్మల్ని ఎక్కువగా భయపెట్టేది మరొకటుంది. చేనుకు కొట్టే పురుగుల మందును నీళ్లలో కలిపి కుక్కకు పూస్తున్నారు. అది కుక్క చర్మంలోకి ఇంకుతుంది, నాకినప్పుడు కడుపులోకి పోతుంది. ఆ కుక్కను వాటేసుకున్న పిల్లవాడి ఒంటికీ అంటుతుంది. చొంగ, వాంతులు, చెమటలు, ఆయాసం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి, మందు డబ్బా కూడా తెండి. దయచేసి చేను మందును చేనులోనే ఉంచండి.

పశువైద్యుని అడిగితే కుక్క బరువునుబట్టి మెడ మీద వేసే చుక్కల మందుగానీ, మాత్రగానీ, పట్టీగానీ చెబుతారు. కొన్ని నెలకొకసారి, కొన్ని మూడు నెలలకొకసారి వాడవలసినవి. తేదీని గోడ క్యాలెండరు మీద రాసుకోండి. మూర్ఛ వచ్చే కుక్క అయితే ముందే చెప్పండి. చిన్న కూనలకు అడగకుండా ఏ మందూ వాడవద్దు. కుక్కల మందును పిల్లికి అసలు వేయవద్దు. పెర్మెత్రిన్ ఉన్న మందు పిల్లి ప్రాణం తీస్తుంది.

ప్రతి నెలా మందు కొనడం అందరికీ సాధ్యం కాదని మాకు తెలుసు. ఖర్చు లేని పనులూ ఉన్నాయి. రోజూ సాయంత్రం కుక్క చెవులు, కాలివేళ్ల సందులు, మెడపట్టీ కింద, తోక కింద చూడండి. పట్టాను వారానికొకసారి వేడినీళ్లలో ఉడికించి మంచి ఎండలో వేయండి. గోడ బీటలు పూడ్చండి. కుక్కను పిల్లల పక్కలో పడుకోనివ్వకండి. ఇవి మందుకు బదులు కావు, కానీ గోమార్ల సంఖ్యను చాలా తగ్గిస్తాయి.

గోమారి కరిచి ఉంటే కిరోసిన్ పోయడం, బీడీతో కాల్చడం, గోటితో నలపడం చేయకండి. సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకొని, మెలి తిప్పకుండా, నిదానంగా తిన్నగా లాగండి. ఆ చోటునూ చేతులనూ సబ్బుతో కడగండి. ఆ తరువాత రెండు వారాల లోపు జ్వరం, తలనొప్పి, మచ్చలు వస్తే ఆసుపత్రికి రండి. మేము అడగడం మరిచినా సరే, “మా ఇంట్లో కుక్క ఉంది, గోమారి కరిచింది” అని మీరే చెప్పండి. ఆ ఒక్క మాట ఎన్నో పరీక్షల పని చేస్తుంది.

కుక్క మన గుమ్మాన్ని కాపలా కాస్తుంది. కానీ దాని ఒంటి మీద చేరిన గోమార్లను అది తీసుకోలేదు. ఆ పని మనదే. వేసవిలోనే కాదు, ఈ నెలలో కూడా.