అమ్ముడుపోయిందంతా హునర్ కాదు భాయీ!

పోయిన ఆదివారం నరసరావుపేట నుంచి మా భాంజా వచ్చాడు. బీటెక్ కుర్రాడు. ఇషా నమాజ్ అయ్యాక ల్యాప్‌టాప్ తెరిచి కాల్ ఆఫ్ డ్యూటీ పెట్టాడు. "ఏటా ఇదేనా బేటా? అదే తుపాకీ, అదే ఇసుక, అదే గడ్డం దుష్మన్" అన్నాను. వాడు నవ్వేసి, "కోట్లలో అమ్ముడవుతోంది మామూ! బాగోకపోతే అంతమంది ఎందుకు కొంటారు?" అన్నాడు.

ఈ సవాల్ మన పత్తి రైతును అడగండి, జవాబు చెబుతాడు. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. మొదట్లో కాయతొలుచు పురుగు తగ్గింది, అందరూ అదే కొన్నారు. ఏటేటా అవే విత్తనాలు పడేసరికి గులాబీ రంగు పురుగు వాటికి అలవాటు పడిపోయింది. విత్తనం అమ్మకం మాత్రం ఆగలేదు. ఎందుకు? అంగట్లో ఇంకోటి దొరక్క! అమ్ముడుపోవడం వేరు, మంచిదవడం వేరు.

కాల్ ఆఫ్ డ్యూటీ 2003లో మొదలైంది. 2005 నుంచి ఏడాదికొకటి తప్పడం లేదు. ఏడాదిలో సరుకు దింపాలంటే కొత్తగా సోచాయించే ఫుర్సత్ ఎక్కడిది? పాత సాంచాలోనే పోత పోస్తారు. ఆ సాంచాలో మనమెక్కడున్నామో చూడండి. 2009 ఆటలో కరాచీ వీధులు చూపించి, బోర్డుల మీద ఉర్దూ బదులు అరబీ రాశారు. అదే ఆటలో ఓ గుసల్‌ఖానా గోడకి హదీసు వాక్యమున్న ఫ్రేము తగిలించారు. ముస్లింలు ఫిర్యాదు చేశాక 2012లో ఆ మ్యాప్ తీసేశారు. 2021లో ఖురాన్ పేజీలు నేల మీద పడేసి చూపించి, మళ్లీ మాఫీ అడిగారు. 1991లో కువైట్ నుంచి వెనక్కి పోతున్న ఇరాకీ సేన మీద అమెరికా కూటమి బాంబులేసిన దారికి 'హైవే ఆఫ్ డెత్' అని పేరు. 2019 ఆటలో ఆ పేరే పెట్టుకుని, నేరం మాత్రం రష్యా మీదికి నెట్టారు. ఇదంతా దుష్మనీయే అనను. లాపర్వాయీ అంటాను. లెక్క కుదిరినవాడికి ఫికర్ ఉండదు.

మరి కొత్తగా చేసినవాడికేమైంది? ప్రిన్స్ ఆఫ్ పర్షియా 1989 నాటి ఆట. 2024 జనవరిలో దాన్ని 'ది లాస్ట్ క్రౌన్' పేరుతో కొత్త దారిలో తెచ్చారు. కథ జరిగేది మన దాదీమాలు చెప్పిన కోహ్‌కాఫ్‌లో! పాత్రలు ఫార్సీలో మాట్లాడటం కూడా వినొచ్చు. రివ్యూలన్నీ వాహ్వా అన్నాయి. అమ్మకాలు అనుకున్నంత రాలేదని ఆ ఏడాదే జట్టును విడగొట్టారు. మనల్ని ఇజ్జత్‌తో చూపిన ఆటకి సజా, బేఖాతరు చేసిన ఆటకి ఇనామ్. ఈ ఫైసలా చేసింది కంపెనీ ఒక్కటే కాదు. కొనే చేతులు కూడా చేశాయి. అందులో మన పిల్లల చేతులూ ఉన్నాయి.

ఇన్సాఫ్‌గా ఒక మాట ఒప్పుకోవాలి. ఏటా వచ్చే ఆట వల్లే వేలమందికి రోజీ దొరుకుతోంది. పాత ఆట మీద మొహబ్బత్ కూడా తప్పు కాదు. కానీ పాతదాన్ని నిలబెట్టడమంటే నఖలు తీయడం కాదు. గుంటూరు జిల్లా పొన్నెకల్లు బిడ్డ షేక్ నాజర్‌ని చూడండి. బుర్రకథ ఆయన పుట్టించింది కాదు. గుమ్మెట పాతదే, తంబురా పాతదే. ఆయన అందులోకి బెంగాల్ కరువును తెచ్చాడు, అల్లూరిని తెచ్చాడు. జనం పారిపోయారా? ఊళ్లకు ఊళ్లే కదిలొచ్చి విన్నాయి. కొత్తదనం పెడితే జనం రారనేది తాజిర్ల బహానా.

అమ్మీలూ అబ్బాలూ, ఆట కనబడగానే హరామని అరిస్తే పిల్లాడు తలుపేసుకుంటాడు. అసలే పట్టించుకోకపోతే ఆ సాంచాలోనే పెరుగుతాడు. పక్కన కూర్చోండి. "ఇందులో దుష్మన్ ఎవరు బేటా? పోయినేడు ఎవరు?" అని అడగండి. ఆట కొనే పైసా మీదే కదా, ఏది కొనాలో కూడా కలిసి చూడండి.

మా భాంజాని అదే అడిగాను. కాసేపు తెరకేసి చూసి, "మనమే మామూ" అన్నాడు.