ఆ శాతం పిల్లల లెక్క కాదు

నిమ్మనపల్లె వైపు రాగులు, చెనిక్కాయలు ఎవరూ కొత్తగా పరిచయం చేయాల్సిన తిండి కాదు. ప్రభుత్వ బడుల మెనూలో చిక్కీ 2020లో, రాగిజావ 2023లో చేరాయి. ప్రభుత్వం మారింది, పథకం పేరు డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం అయింది; అయినా జావ, చిక్కీ, గుడ్డు మెనూలోనే ఉన్నాయి. ఫీజు కట్టి మదనపల్లెకో పుంగనూరుకో వ్యానెక్కించే పిల్లల స్నాక్స్ డబ్బాలో మాత్రం చాలాసార్లు కనబడేది క్రీమ్ బిస్కెట్లే. పొద్దున పూట హడావిడిలో తల్లిని తప్పుపట్టలేం. అంగట్లో చేతికందే సరుకు అది, పిల్లలు మారాం చేయకుండా తినేదీ అదే. పైగా పొట్లం మీద గోధుమ కంకులు, పాలగ్లాసు బొమ్మలు చూసి బలమైన తిండేనని నమ్ముతాం.

పొట్లం వెనక్కి తిప్పితే అసలు సంగతి తెలుస్తుంది. ఏ పదార్థం ఎక్కువ బరువుంటే దాన్ని ముందు రాయాలన్నది నిబంధన. మామూలు తీపి బిస్కెట్లలో ముందు వరసలో ఉండేవి మైదా, చక్కెర, పామాయిల్. బొమ్మలో గ్లాసు నిండా కనబడిన పాలు జాబితాలో ఎక్కడో కింద పాలపొడిగా తేలతాయి. రాగి బిస్కెట్ అని అమ్మితే అందులో రాగులు ఎంత శాతమో జాబితాలోనే రాయాలి. కొనేముందు ఆ ఒక్క అంకె చూడండి. రాగి పిండి కంటే మైదా ముందుంటే మీరు కొంటున్నది రాగి పేరు పెట్టుకున్న మైదా బిస్కెట్.

తర్వాత చక్కెర. గ్లూకోజ్ బిస్కెట్లలో నూరు గ్రాములకు పాతిక గ్రాముల దాకా, చాలా క్రీమ్ బిస్కెట్లలో 35 గ్రాములు, ఆపైన ఉంటుంది. యాభై గ్రాముల క్రీమ్ బిస్కెట్ పొట్లం పిల్లాడు ఒక్కడే తింటే పదిహేడు గ్రాములకు పైగా, అంటే నాలుగు చెంచాలు దాటిన చక్కెర. ఏడెనిమిదేళ్ల పిల్లలకు రోజుకు దాదాపు 1,700 కేలరీలు కావాలి. అందులో విడిగా కలిపిన తీపి పదో వంతుకు మించకూడదని, అయిదు శాతం లోపుంటే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఆ అయిదు శాతం అంటే సుమారు 21 గ్రాములు. ఇంట్లో తాగిన తీపి పాలు కలపకముందే డబ్బా దాన్ని దాదాపు నింపేసింది.

ఇది పొట్లం మీద ఎందుకు కనబడదు? రోజువారీ అవసరంలో ఇంత శాతం అని అచ్చువేసే అంకెకు కొలత 2,000 కేలరీలు తినే పెద్దమనిషి, అతనికి 50 గ్రాముల చక్కెర. పైగా ఆ శాతం ఒక వడ్డనకు. వడ్డన అంటే రెండు మూడు బిస్కెట్లని కంపెనీయే తేలుస్తుంది. ఇదంతా సన్నటి అక్షరాల్లో, ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటే చట్టానికి చాలు. తెలుగు తప్పనిసరి కాదు. కొనే తల్లి చదవలేని భాషలో, తినే బిడ్డది కాని కొలతలో నిజం చెప్పినట్టు లెక్క!

అలాగని బెల్లం పేరు చెబితే అన్నీ మంచివైపోవు. చిక్కీలోనూ తీపి ఉంది. తేడా ఏమిటంటే చెనిగింజల్లో నూరు గ్రాములకు దాదాపు 24 గ్రాముల మాంసకృత్తులుంటాయి, బిస్కెట్లలో ఏడెనిమిదికి మించడం అరుదు. ఉప్పేసి ఉడకబెట్టిన చెనిక్కాయలు, అలసంద గుగ్గిళ్లు, జామకాయ, అరటిపండు రోజూ మార్చి పెట్టొచ్చు. బిస్కెట్ విషం కాదు. ఆదివారం టీ పక్కన రెండు తింటే కొంప మునగదు. రోజూ డబ్బాలో ఉండటమే తంటా.

బడి గేటుకు యాభై మీటర్ల లోపు కొవ్వు, ఉప్పు, చక్కెర మితిమీరిన తిండి అమ్మకూడదని 2020 నాటి నిబంధన ఉంది. ఇంటినుంచి వచ్చే డబ్బాకు అది వర్తించదు. చిలీ దేశం 2016 నుంచి అలాంటి పొట్లాల ముందే నల్లటి హెచ్చరిక ముద్ర వేయిస్తోంది. మన సుప్రీంకోర్టు కూడా పొట్లం ముందు హెచ్చరికల సంగతి తేల్చమని 2025 ఏప్రిల్‌లో నిపుణుల కమిటీకి మూడు నెలల గడువు పెట్టింది. ఆ ముద్ర వచ్చేటప్పుడు తెలుగులో రావాలి, పిల్లలు తినే తిండికి పిల్లల కొలతే వాడాలి. అంతవరకూ తల్లిదండ్రుల సమావేశంలో మార్కుల గొడవ కాస్త ఆపి, రాగిజావ మా పిల్లలకెందుకు పెట్టరని అడగండి. ఫీజు కట్టేవాళ్లకు ఆ మాత్రం అడిగే హక్కుంది.