గ్రామఫోను జీర్ణోద్ధరణము – పాఠశుద్ధి

శిథిలమైన తాళపత్రమును భద్రపఱుపవలెనని మనమందఱము నెఱుగుదుము. గ్రామఫోను రికార్డును, దానిని పలికించు యంత్రమును గూడ వ్రాతప్రతులవంటివే యని తలచువారు మాత్రము తక్కువ. స్థానం నరసింహారావు, కపిలవాయి రామనాథశాస్త్రి మొదలగు నటులు పద్యమునెట్లు పఠించిరో, ఎచ్చట విరామమిచ్చిరో తెలిసికొనుటకు ముద్రితనాటకము చాలదు. వారి రికార్డులే ప్రమాణము. కావున ఆ యంత్రమును బాగుచేయుట పాఠపరిష్కరణమువంటి కార్యమని నా యభిప్రాయము.

పరిష్కర్త మొదట దోషస్థానమును నిర్ణయింపవలెను. పాట నడుమ యంత్రము దడదడ కుదిపినచో, స్ప్రింగు చుట్ల నడుమ గ్రీజు ఎండి గట్టిపడుట తఱచుగా కారణమగును. దానిని కడిగి క్రొత్త గ్రీజు పూయవలెను. అయితే బిగువు పూర్తిగా సడలింపక పెట్టె విప్పరాదు. చుట్టుకొనియున్న ఉక్కుపట్టె విడివడి చేతులను గాయపఱచును. ధ్వని బరబరమనినచో సౌండుబాక్సు చూడవలెను. అందలి పలుచని అభ్రకపు బిళ్ల రబ్బరు వలయముల నడుమ నిమిడియుండును. కాలక్రమమున రబ్బరు రాయివలె బిగిసి, బిళ్లను స్వేచ్ఛగా కంపింపనీయదు. అప్పుడు వలయములను మార్చిన చాలును. చెడని అభ్రకమును తీసి వేఱొక రేకు బిగించుట, అర్థమగు పాఠమును దిద్దుటవంటిది.

వేగము మఱింత ముఖ్యము. సూది రికార్డుపై నున్నప్పుడే నిమిషమునకెన్ని చుట్లు తిరుగుచున్నదో లెక్కింపవలెను. 78 తిరుగవలసినది 74 మాత్రమే తిరిగినచో శ్రుతి యించుమించుగా నొక స్వరస్థానము దిగును. తొందరగా చదువుటను పాణినీయశిక్ష పాఠకదోషములలో లెక్కించినది. గవర్నరు సవరింపని యంత్రము అట్టి పాఠకుడే. తొలినాటి రికార్డులన్నియు సరిగా 78 వేగముననే ముద్రితములు కాలేదు. అట్టియెడ చెవియే నిర్ణేత.

ఉక్కుసూది రికార్డు ప్రతిముఖమునకును మార్చవలెను. అరిగిన సూది గాడిని చెఱచును. సూది పొదుపుచేసి రికార్డును పోగొట్టుకొనుట వివేకము కాదు.

నకలు తీసినపిమ్మట పాతయంత్రమేల యని కొందఱందురు. అపురూపమైన రికార్డును బరువైన సౌండుబాక్సు క్రింద నుంచరాదనుట నిజము. తేలికపాటి ముల్లుగల విద్యుద్యంత్రముపై ముందుగా నకలు తీయుటయే మేలు. కాని ఆ తరమువారు విన్న ధ్వని యెట్టిదో ఆ యంత్రమే చెప్పగలదు. అది పోయినచో మూలము నిలిచియు వ్యాఖ్యానము నశించినట్లే.

కావున ప్రాచీన లిఖితపుస్తక భాండాగారములు ఈ యంత్రములను గూడ సేకరింపవలెను. బాగుచేయువారు మార్చిన ప్రతిభాగమును, మార్చిన తేదీని వ్రాసియుంచి, తీసిన పాతభాగమును పొట్లముగట్టి యంత్రముతోనే భద్రపఱుపవలెను. క్రొత్తభాగమునకు పాతరంగు పూసి ప్రాచీనమని చూపుట ప్రక్షిప్తమును మూలమని ముద్రించుటతో సమానము. పాఠాంతరమును అధోజ్ఞాపికలో చూపని పరిష్కర్తను మనము మన్నింపము. యంత్రవిషయమున మాత్రము ఏల మన్నింపవలెను?